పోటీకి పిలిచి, సభలో వినిపించి
(ఆంధ్ర విశ్వకళా పరిషత్తు శతజయంతి ప్రత్యేక సంచిక కోసం)

1899లో మద్రాసు క్రిస్టియన్ కళాశాల విద్యార్థులకు తెలుగులో కావ్యరచన పోటీ పెట్టారు. బహుమతి గెలిచిన కుర్రాడికి అప్పటికి ఇంకా పందొమ్మిదేళ్లు నిండలేదు. అతను ఎంచుకున్న కథ రామాయణంలోదీ కాదు, భారతంలోదీ కాదు. అనంతపురం పక్కన బుక్కరాయసముద్రం చెరువుకు గండి పడితే, ఊరిని కాపాడటానికి ప్రాణమిచ్చిన ఒక రైతు ఇంటి కోడలి కథ. బ్రౌను దొర సేకరించిన స్థానిక చరిత్రల్లో దొరికిన ఆ కథే ‘ముసలమ్మ మరణము’ అయింది. మరుసటేడు పుస్తకంగా వచ్చింది. తెలుగులో ఆధునిక కావ్యాల లెక్క దాని దగ్గరే మొదలుపెట్టాలనే విమర్శకులున్నారు. ఆ కుర్రాడి పేరు కట్టమంచి రామలింగారెడ్డి. 1926లో బెజవాడలో ఆంధ్ర విశ్వకళా పరిషత్తు పుట్టినప్పుడు దాని తొలి ఉపకులపతి ఆయనే.

మన సంస్థ సాహిత్య చరిత్ర రాయబోతే నాకు ముందుగా గుర్తొచ్చేది ఇదే. రాయమని పిలిస్తే రాసేవాళ్లు బయటపడతారని సొంత అనుభవంతో తెలిసిన మనిషి ఈ విశ్వవిద్యాలయానికి పునాది వేశాడు. కవిత్వం, కథ రాయడం నేర్పే శాఖలు విదేశీ విశ్వవిద్యాలయాల్లో ఉన్నాయని వింటుంటాం. ఇక్కడ ఆ పని చేసినవి పోటీ, వేదిక, సభ. పాఠం చెప్పి రచయితను తయారు చేయడం కంటే, రాసింది నలుగురికీ వినిపించే చోటు చూపించడమే ఇక్కడి పద్ధతి.

ఆ పద్ధతికి పెద్ద ఫలం 1934 నాటి నవలల పోటీ. అప్పటికి విశ్వవిద్యాలయం బెజవాడ వదిలి విశాఖపట్నంలోని వాల్తేరు చేరి నాలుగేళ్లు. రెడ్డిగారు 1930లో ప్రభుత్వ దమననీతికి నిరసనగా పదవి వదులుకోగా, సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు ఉపకులపతిగా ఉన్నారు. పోటీలో న్యాయనిర్ణేతలు ఒక్కరిని తేల్చలేకపోయారు. విశ్వనాథ సత్యనారాయణగారి ‘వేయిపడగలు’కూ, అడివి బాపిరాజుగారి ‘నారాయణరావు’కూ బహుమతి చెరిసగం చేశారు. తొంభయ్యేళ్లు దాటినా ఆ రెండు నవలలనూ జనం కొని చదువుతున్నారు. ఒకటి కూలిపోతున్న పాత వ్యవస్థ కోసం వెయ్యి పడగలెత్తి గోల పెట్టిన నవల. రెండోది జమీందారీ ఇంటికి అల్లుడైన చదువుకున్న యువకుణ్ణి, సంగీతాన్ని, చిత్రకళను, జాతీయోద్యమాన్ని కలిపి అల్లిన నవల. ఇంత భిన్నమైన రెండు చూపులను ఒకే బరువుతో తూచగలిగిన ఆ నిర్ణేతల మీద నాకు చాలా గౌరవం. ఏదో ఒక పక్షం వైపు మొగ్గి ఉంటే రెండో పుస్తకానికి ఆ రోజు దక్కిన మన్నన దక్కేది కాదు.

‘వేయిపడగలు’ పుట్టుకలోనే ఒక విశేషం ఉంది. విశ్వనాథవారు దాన్ని కలం పట్టి రాయలేదు. ఆయన చెబుతుంటే తమ్ముడు వెంకటేశ్వర్లుగారు రాశారు. ఇరవైతొమ్మిది రోజుల్లో ముగిసింది. అంత పెద్ద నవల కాగితం మీదికి రాకముందే ఒక గదిలో గొంతెత్తి వినిపించిన నవల అన్నమాట. ఇప్పటికీ అందులో ఏ పుట తెరిచి బయటికి చదివినా ఊపిరి ఎక్కడ తీసుకోవాలో వాక్యమే చెబుతుంది. తరవాత పి.వి. నరసింహారావుగారు దాన్ని హిందీలో ‘సహస్రఫణ్’ చేశారు. మరొక మాట కూడా చెప్పాలి. ఆ పోటీ గెలిచిన ఇద్దరూ మన అధ్యాపకులు కారు. విశ్వవిద్యాలయం తన గోడల మధ్య వాళ్లకే బహుమతులు పంచుకుని ఉంటే ఈ వ్యాసంలో రాయడానికి పెద్దగా ఏమీ ఉండేది కాదు.

ఆ రోజుల్లో ఇక్కడికి వచ్చినవాళ్లను తలుచుకుంటే ఒళ్లు పులకరిస్తుంది. 1933లో రవీంద్రనాథ్ టాగోర్ వాల్తేరు వచ్చి మనిషి గురించి ఉపన్యాసాలిచ్చారు. ‘మ్యాన్’ అనే పేరుతో వాటిని విశ్వవిద్యాలయమే అచ్చు వేసింది. బెంగాలీ కవి హుమాయూన్ కబీర్, తరవాత పార్లమెంటులో గొప్ప వక్తగా పేరు పొందిన హీరేన్ ముఖర్జీ ఇక్కడ పాఠాలు చెప్పారు. తెలుగు శాఖకు పింగళి లక్ష్మీకాంతంగారు పెద్ద. కాటూరి వెంకటేశ్వరరావుగారితో కలిసి ‘సౌందరనందము’ రాసిన జంటకవుల్లో ఒకరు. అంతకు ముందే తిరుపతి వేంకట కవుల పాండవ నాటకాల్లో ధర్మరాజుగా వేషం కట్టి పేరు తెచ్చుకున్నవారు. పద్యం నోట్లో ఎలా పలకాలో, విరుపు ఎక్కడ పడాలో రంగస్థలం మీద నేర్చుకున్న మనిషి తరగతిలో తిక్కన చెబితే, అది పాఠమూ అవుతుంది, పఠనమూ అవుతుంది.

గ్రంథాలయంలో అబ్బూరి రామకృష్ణారావుగారు ఉండేవారు. భావకవిత్వం తొలి తరంలో ఒకరు. పుస్తకం అడగడానికి వచ్చిన కుర్రవాడితో గంటల తరబడి ప్రపంచ సాహిత్యం మాట్లాడే లైబ్రేరియన్. విశాఖలోనే పుట్టి 1928లో ‘ప్రభవ’తో మొదలైన శ్రీశ్రీ తరానికి ఆయన చనువిచ్చిన పెద్ద. నాటకం కోసం ‘నటాలి’ అనే సంస్థను నడిపారు. రిజిస్ట్రారు కుర్చీలో కూర్చున్న కూర్మా వేణుగోపాలస్వామిగారికి కూడా నాటకమే ప్రాణం. ఆరుబయలు రంగస్థలం, కాలేజీల మధ్య నాటక పోటీలు ఆయన పట్టుదల మీద నిలిచాయి. ఏటేటా పోటీ వస్తుందంటే కొత్త ఏకాంకిక కావాలి. కొత్త ఏకాంకిక కావాలంటే ఎవరో ఒకరు రాయాలి. చిన్న ఊళ్ల కాలేజీల తెలుగు మేష్టర్లూ విద్యార్థులూ రాతకు దిగడానికి ఆ పోటీలు ఒక పెద్ద కారణం. పాలనాధికారికి కళ మీద ప్రేమ ఉంటే సంస్థలో ఏం జరుగుతుందో చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ తెలియదు.



ఇక ప్రత్యేక సంచికలు సాధారణంగా దాటేసే ఘట్టం ఒకటుంది. 1968లో, తిరుగుబాటు కవిత్వం రాసిన దిగంబర కవుల మూడో సంపుటి విశాఖపట్నంలోనే వెలువడింది. ఆవిష్కరించింది ఏ పదవిలోనూ లేని ఒక యాచకురాలు, ఎడ్ల యాదమ్మ. 1970 ఫిబ్రవరిలో శ్రీశ్రీ షష్టిపూర్తి సభలకు రాష్ట్రం నలుమూలల నుంచి రచయితలు ఇదే ఊరికి వచ్చారు. ఆ సభల్లో ‘విశాఖ విద్యార్థులు’ పేరుతో ఒక కరపత్రం పంచారు. పక్క జిల్లా శ్రీకాకుళంలో గిరిజనులు పోరాడుతుంటే రచయితలారా, మీరు ఎటువైపు అని అందులో నిలదీశారు. పెద్దలు కొందరు నొచ్చుకున్నారు, కొందరు ఆలోచనలో పడ్డారు. అదే ఏడాది జులై 4న విప్లవ రచయితల సంఘం ఏర్పడింది, శ్రీశ్రీ అధ్యక్షుడయ్యాడు. ఆ రాజకీయాలతో ఏకీభవించినా లేకపోయినా, విద్యార్థులు రాసిన ఒక్క కాగితం తెలుగు సాహిత్యాన్ని రెండుగా చీల్చి మాట్లాడించిందన్నది చరిత్ర. సన్మాన సభలో శాలువా కప్పుతున్నప్పుడు శ్రోతలు ప్రశ్న అడగడం మర్యాద తప్పడమని కొందరంటారు. నాకు మాత్రం సాహిత్యాన్ని అంతగా నమ్మినవాళ్లే ఆ ప్రశ్న అడగగలరనిపిస్తుంది. రచయితల మాటకు విలువ లేదనుకునేవాడు వాళ్లను ఎటువైపని అడగడు.

చదువు వైపు చూస్తే, భద్రిరాజు కృష్ణమూర్తి, చేకూరి రామారావు ఇక్కడి విద్యార్థులే. తెలుగులో కవితా విప్లవాల స్వరూపం మీద వెల్చేరు నారాయణరావుగారి పరిశోధన ఈ విశ్వవిద్యాలయానిదే. భారతీయుల ఇంగ్లీషు రచనకు చరిత్ర రాసిన కె.ఆర్. శ్రీనివాస అయ్యంగార్ ఇక్కడ ఇంగ్లీషు ప్రొఫెసరుగానూ, ఉపకులపతిగానూ పనిచేశారు. విశ్వవిద్యాలయం ఇచ్చే కళాప్రపూర్ణ గౌరవం వ్యావహారిక భాష కోసం జీవితమంతా వాదించిన గిడుగు రామమూర్తిగారికి దక్కింది. 1975లో దేవులపల్లి కృష్ణశాస్త్రిగారికి దక్కింది. తన కవిత్వాన్ని ఊరూరా తిరిగి వినిపించి ఒక తరం యువకులను వెంట తిప్పుకున్న కృష్ణశాస్త్రిగారి గొంతు 1963లోనే పోయింది. ఆ గౌరవం అందుకునే నాటికి ఆయన పలకరింపు కూడా కాగితం మీద రాసి చూపించేవారు. ఆయన చదివితే ఎలా ఉండేదో విన్నవాళ్లు చెబితే తెలుసుకోవలసిందే తప్ప, ఆ తరం కవుల పఠనాల రికార్డులు మనకు మిగిలినవి తక్కువ.

అందుకే కవి సమ్మేళనాల గురించి నాలుగు మాటలు. పద్యం ఏలిన రోజుల్లో కవికి రాగం తోడుండేది. నచ్చిన పాదం దగ్గర సభ ‘మళ్లీ, మళ్లీ’ అనేది. వచన కవిత వచ్చాక ఆ తోడు పోయింది. మాట బరువు ఒక్కటే నిలబెట్టాలి. బాగా చదివే వచన కవి ఎక్కడ ఆగాలో తెలిసినవాడు. ఇది అభ్యాసంతో వచ్చేదే, హాస్టల్ గదుల్లో రాత్రి పూట ఒకరి కవిత ఒకరు చదువుకుని తప్పులు చెప్పుకున్న విద్యార్థులకు ఇది తెలుసు. కానీ ఇవాళ ఉగాదికి పెట్టే సమ్మేళనాల్లో ముప్పైమంది పేర్లు ఆహ్వానపత్రంలో ఉంటాయి. మనిషికి మూడు నిమిషాలు. తన వంతు అయిన కవి మెట్లు దిగి వెళ్లిపోతాడు. చివరివాడు చదివే వేళకు ఎదుట మిగిలేది ఖాళీ కుర్చీలు, ఇంకా చదవవలసిన ఇద్దరు. పదిమందినే పిలిచి, ఒక్కొక్కరికి పావుగంట ఇచ్చి, చదివాక శ్రోతలను మాట్లాడనిస్తే ఆ సభ వేరుగా ఉంటుంది.

ఈ శతజయంతి ఏడాదిలో పాలకవర్గాన్ని నేను కోరేవి రెండు. మొదటిది, ఆకాశవాణి విశాఖపట్నం కేంద్రం దగ్గర, పాత విద్యార్థుల ఇళ్లల్లో ఉన్న కవుల గొంతులను వెతికి, శుభ్రం చేయించి, వి.ఎస్. కృష్ణా గ్రంథాలయంలో ఎవరైనా వచ్చి వినేలా పెట్టడం. టేపులు ఏటేటా పాడైపోతున్నాయి కనుక ఇది వాయిదా వేయదగ్గ పని కాదు. రెండోది, నవలల పోటీ. వయసుతో, డిగ్రీతో పని లేకుండా, తెలుగు రాసే ఎవరికైనా, బరంపురంలో ఉన్నా డాలస్‌లో ఉన్నా. చివరి వడపోతకు నిలిచిన నవలల నుంచి ఒక్కో అధ్యాయం రచయితల చేతే శ్రీకాకుళం, విజయనగరం, పాడేరు, అనకాపల్లి కాలేజీల్లో చదివించాలి. నిర్ణేతలు ఆ సభల్లో శ్రోతల మధ్య కూర్చోవాలి. తీర్పు ఆ తరవాతే రావాలి.