వంశవృక్షం ఫైలు ఎక్కించేటప్పుడు మన పేర్లు పోకుండా...

ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో వంశవృక్షం దొరల ఇళ్ల ముచ్చట మాత్రమే కాదు. మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలివారు, గోండుల వంశగాథలు పాడే తోటీలు, పర్ధాన్లు తరతరాల లెక్కను నోటితోనే నిలిపారు. ఇప్పుడది హక్కుల కాగితం కూడా.

అటవీ హక్కుల చట్టం (2006) కింద, అడవి భూమి సాగుచేసుకునే దళితులు 'ఇతర సంప్రదాయ అటవీ నివాసుల' కోవలోకి వస్తారు. 2005 డిసెంబర్ 13కు ముందు మూడు తరాలుగా, అంటే 75 ఏళ్లుగా, అక్కడే ఉంటూ అడవిపై ఆధారపడినట్టు చూపించాలి. ఈ 75 ఏళ్ల షరతు ఆదివాసీలకు లేదు. నిబంధన 13 ఒప్పుకునే ఆధారాల్లో, పాత రికార్డుల్లోని పెద్దల దాకా వెళ్లే వంశక్రమం ఒకటి. దరఖాస్తుదారులు కాని పెద్దల వాంగ్మూలం మరొకటి.

అందుకే ఒకరు సేకరించిన వంశవృక్షాన్ని మరొకరి కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు ఏదీ జారిపోకూడదు. ఇందుకు వాడే ఫైలు పేరు జెడ్‌కామ్. 1984లో మోర్మన్ చర్చి దీన్ని రూపొందించింది. ఉచితంగా దొరికే గ్రాంప్స్ సాఫ్ట్‌వేర్ దీన్ని చదువుతుంది. మేం సూచించే జాగ్రత్తలివి:

అక్షరాలు: పాత జెడ్‌కామ్ ఫైళ్ల 'ఆన్‌సెల్' లిపి పద్ధతిలో తెలుగు లేదు. ఫైలు తీసేటప్పుడే యూటీఎఫ్-8 ఎంచుకోవాలి. ప్రశ్నార్థకాలుగా మారి సేవ్ అయిన పేర్లు తిరిగి రావు.

ఖాళీ వృక్షం: ముందు కొత్త వృక్షం తెరిచి అందులోకి ఇంపోర్ట్ చేయాలి. ఉన్నదాంట్లోకి ఎక్కిస్తే ఒకే మనిషి రెండుసార్లు వస్తాడు.

పేర్లు: ఏటవాలు గీతల మధ్య ఉన్నదే ఇంటిపేరు. ఖాస్రా పహాణీ (1954–55)లో ఇంటిపేరుకు బదులు కులం పేరు రాసి ఉంటే దిద్దొద్దు. రికార్డులోని పేరును రెండో పేరుగా చేర్చాలి. రెంటినీ కలిపేది అదే.

తేదీలు: 'పోలీస్ యాక్షన్‌కు ముందు పుట్టిండు' అని పెద్దలు చెబితే '1948 సెప్టెంబర్‌కు ముందు' అనే రాయాలి. ఊహించి జనవరి 1 వేస్తే రేపు విచారణలో అదే మనకు అడ్డమవుతుంది.

తల్లి: జోగినుల పిల్లలకు తండ్రి గడి ఖాళీగా ఉంచొచ్చు. తల్లి ఒక్కరితోనూ కుటుంబం నమోదవుతుంది.

స్కాన్లు: మామూలు జెడ్‌కామ్ ఫైలులో ఫొటో ఉండదు, అది ఉన్న చోటు మాత్రమే ఉంటుంది. పహాణీ నకళ్లు విడిగా ఇవ్వాలి. గ్రాంప్స్ నుంచి గ్రాంప్స్‌కైతే దాని సొంత ప్యాకేజీలో అవీ వస్తాయి.

కులం: జెడ్‌కామ్‌లో కులానికి ప్రత్యేక గడి ఉంది. ఆన్‌లైన్‌లో పెట్టే ముందు బతికున్నవారి వివరాలు, కులం తీసేయాలి.

చివరగా, పాత ఫైలులోని మనుషుల సంఖ్య, కుటుంబాల సంఖ్య కొత్తదాంతో సరిచూడాలి. తర్వాత ప్రింటు తీసి ఊరి పెద్దల ముందు చదవాలి. కంప్యూటర్ పట్టుకోలేని తప్పును ఆ అవ్వ పట్టుకుంటుంది. గ్రామసభకు వెళ్లాల్సింది ఆమె ఔనన్న కాగితమే.