బళ్ళారిమీదుగ విమానము



మంత్రాలయమునకు విమానమున నెంతసేపని యడుగువారికి నేను 1932వ సంవత్సరమును జ్ఞప్తిచేయుచుందును. ఆ యేట అక్టోబరు 15న జె. ఆర్. డి. టాటా కరాచీనుండి బొంబాయికి విమానమున టపా తెచ్చెను. అటనుండి నెవిల్ విన్సెంట్ దానిని బళ్ళారిమీదుగ మదరాసునకు గొనిపోయెను. నాడు మన ఆదోని తాలూకా బళ్ళారి జిల్లాలోనిదే!

బళ్ళారియే యేల? బొంబాయికిని మదరాసుకును ఆకాశమార్గము సుమారు 1,030 కిలోమీటర్లు. ఆనాటి ఒంటియింజను విమానము, పుస్ మాత్ అను పేరిటిది, అంతదూరము ఏకబిగిని పోజాలదు. బళ్ళారి యించుమించుగ ఆ తిన్నని గీతమీదనే యున్నది. పెద్దవిమానములు వచ్చినపిదప నడుమ దిగవలసిన పని తప్పినది. 1953లో బళ్ళారి మైసూరునకు, ఆదోని ఆంధ్రమునకు జేరినవి.

2021 మార్చి 28న ఓర్వకల్లునుండి విమానములు మొదలైనవి. బెంగుళూరునుండి అచటికి ఆకాశమున సుమారు 280 కిలోమీటర్లు, అనగా గంటసేపటి ప్రయాణము. దిగినపిమ్మట మంత్రాలయమునకు నూరు కిలోమీటర్లకు మించిన రోడ్డు కలదు. దానికి రెండుగంటలకు తక్కువ పట్టదు. టిక్కెట్టుమీది కాలములో ఇది చేరదు.

1871లో రాయచూరున బొంబాయి లైనుతో గలిసిన మదరాసు రైలుమార్గము ఆదోనిమీదుగనే పోవును. మంత్రాలయం రోడ్డు స్టేషనునుండి మఠము సుమారు 16 కిలోమీటర్లే. వృద్ధులకు నేను రైలునే చెప్పుదును.