టీకా కంపెనీలకి ఇచ్చిన అడ్వాన్సు: ఒక ఎకౌంట్స్ మనిషి లెక్క

2021 ఫిబ్రవరిలో ఛత్తీస్‌గఢ్ ఆరోగ్య మంత్రి టి.ఎస్. సింగ్ దేవ్ కేంద్ర ఆరోగ్య మంత్రి హర్షవర్ధన్‌కి ఒక ఉత్తరం రాశాడు. కొవాగ్జిన్ మూడో దశ ట్రయల్ ఇంకా పూర్తి కాలేదు, సీసాల మీద ఎక్స్‌పైరీ తేదీ కూడా లేదు, కాబట్టి ఆ టీకా మా రాష్ట్రానికి పంపడం ఆపండి అని దాని సారాంశం. నేను ఉంటున్నది బస్తర్‌లో, జగదల్‌పూర్‌లో. ఇక్కడి తెలుగువాళ్ళలో కొందరికి ఆ ఉత్తరం చూసి ఒళ్ళు మండింది. హైదరాబాదులో తయారైన మన టీకాని వద్దంటాడా అని. అదంతా రాజకీయం అన్నవాళ్ళూ ఉన్నారు. రెండు పార్టీల మధ్య రాజకీయం ఉండే ఉంటుంది, నేను కాదనను. కానీ రాసినవాడి పార్టీ ఏదైనా ఉత్తరంలో ఉన్న మాట సరైనదే. జనవరి 3న కొవాగ్జిన్‌కి అనుమతి ఇచ్చింది "క్లినికల్ ట్రయల్ మోడ్"లో. అంటే వేయించుకునేవాడు అంగీకార పత్రం మీద సంతకం పెట్టాలి. ఊళ్ళలో గోండీ, హల్బీ తప్ప వేరే భాష రానివాళ్ళు ఎంతోమంది ఉన్న బస్తర్‌లో ఆ పత్రం చదివి, అర్థం చేసుకుని సంతకం పెట్టేదెవరు?

మార్చి 3న మధ్యంతర ఫలితాలు వచ్చాయి, 81 శాతం సామర్థ్యం అన్నారు. మార్చి 11న ఆ ట్రయల్ మోడ్ షరతు తీసేశారు. ఆ ఏడాది నవంబరులో లాన్సెట్‌లో అచ్చయిన పూర్తి ఫలితం 77.8 శాతం. టీకా పనిచేసింది, సంతోషం. పనిచేస్తుందని ఫిబ్రవరిలోనే తెలుసు అనేవాళ్ళు మాత్రం అబద్ధం చెబుతున్నారు.

ఏప్రిల్‌లో ఇంకో గొడవ మొదలయింది. కేంద్రం సీరం ఇన్‌స్టిట్యూట్‌కీ, భారత్ బయోటెక్‌కీ కలిపి సుమారు 4,500 కోట్లు ముందుగానే ఇస్తుందని వార్త వచ్చింది. కొన్ని ఛానళ్ళు దాన్ని "సప్లై క్రెడిట్" అన్నాయి, కొన్ని అప్పు అన్నాయి, కొన్ని గ్రాంటు అన్నాయి. జూన్‌లో బయలాజికల్ ఇ కి కూడా అడ్వాన్సు ఇస్తున్నారని తెలిశాక మన హేతువాద మిత్రుల్లోనే కొందరు, ట్రయల్ పూర్తి కాని టీకాకి ప్రజల డబ్బు పోయడం మూఢనమ్మకమే, తాయెత్తుకి డబ్బులు ఇవ్వడానికీ దీనికీ తేడా ఏముంది అన్నారు. నేను ఒప్పుకోను. సూది విషయంలో సింగ్ దేవ్ సరైనవాడే. కానీ సూదికి వర్తించే నియమం డబ్బుకి వర్తించదు.

నేను బి.కాం. చదివి డిఫెన్స్ ఎకౌంట్స్‌లో చేరినవాడిని. సరుకు తనిఖీ చేసిన కాగితం, అందినట్లు రసీదు లేకుండా బిల్లు పాస్ చెయ్యకపోవడమే నా ఉద్యోగం. అందుకే ముందు అంకెలు చూద్దాం.

2021 మే 3న ఆరోగ్య శాఖ ఇచ్చిన వివరణ ప్రకారం, ఏప్రిల్ 28న సీరం ఇన్‌స్టిట్యూట్‌కి 1,732.50 కోట్లు, భారత్ బయోటెక్‌కి 787.50 కోట్లు విడుదలయ్యాయి. మే, జూన్, జులై నెలల్లో సరఫరా చెయ్యాల్సిన 11 కోట్ల కొవిషీల్డ్, 5 కోట్ల కొవాగ్జిన్ డోసులకి నూటికి నూరు శాతం అడ్వాన్సు అది. భాగించి చూడండి, రెండింటికీ డోసుకి 157 రూపాయల 50 పైసలు వస్తుంది. 150 రూపాయల ధర, పైన 5 శాతం జి.ఎస్.టి. టి.డి.ఎస్. పోగా చేతికి అందింది 1,699.50 కోట్లు, 772.50 కోట్లు. తగ్గింది 33 కోట్లు, 15 కోట్లు. పన్ను కలపని ధర మీద ఇది సరిగ్గా 2 శాతం. లెక్క పైసలతో సహా కుదిరింది. గ్రాంటుకి ఇలా జి.ఎస్.టి. కట్టరు, అప్పుకి టి.డి.ఎస్. కొయ్యరు. ఇది కొనుగోలు బిల్లు, కాకపోతే సరుకు కంటే ముందు వచ్చిన బిల్లు. ఇంకో మాట, విడుదలైన రెండూ కలిపితే 2,520 కోట్లు. మంజూరు వేరు, విడుదల వేరు. పత్రికలు ఈ తేడా పట్టించుకోవు.

ప్రభుత్వ ఆర్థిక నియమాల్లో (2017 జనరల్ ఫైనాన్షియల్ రూల్స్) 172వ నియమం ప్రకారం ప్రైవేటు సంస్థకి అడ్వాన్సు మామూలుగా కాంట్రాక్టు విలువలో 30 శాతం దాటకూడదు. అవసరమైతే సడలించే వీలు ఆ నియమంలోనే ఉంది. ఇక్కడ 30ని 100 చేశారు. కంపెనీకి ఇందులో లాభం ఎంత? 787.50 కోట్లు బ్యాంకులో 8 శాతానికి అప్పు తెచ్చుకుంటే 3 నెలల వడ్డీ 15.75 కోట్లు. సరుకు నెలనెలా పోతూ ఉంటే ఇంకా తక్కువ. అంటే వడ్డీ లేని అప్పు లాంటి ఈ సాయం విలువ 15 కోట్ల లోపే. కొంపలు మునిగే దానం కాదు. అదే జూన్‌లో భారత్ బయోటెక్, డోసుకి 150 రూపాయలు గిట్టుబాటు కాదని బహిరంగంగానే చెప్పింది.

నా అభ్యంతరం మొత్తం మీద కాదు, తేదీ మీద. కొవాగ్జిన్ అంటే వైరస్‌ని పెంచి, చంపి తయారు చేసే టీకా. గట్టి రక్షణ ఉన్న ప్రయోగశాలలో సజీవ వైరస్‌తో పని. బ్యాచ్ మొదలు పెట్టిన రోజు నుంచి అది జనానికి వేసే దాకా సుమారు 120 రోజులు పడుతుందని కంపెనీయే మే నెలలో చెప్పింది. ఏప్రిల్ 28కి 120 రోజులు కలపండి, ఆగస్టు 26 వస్తుంది. జులైలో ఇవ్వాల్సిన డోసుకి ఏప్రిల్ ఆఖర్లో ఇచ్చిన డబ్బు ఏం ఉత్పత్తి పెంచుతుంది? ఏప్రిల్ 16న ప్రభుత్వం, నెలకి కోటి డోసులున్న కొవాగ్జిన్ సెప్టెంబరుకి 10 కోట్లకి చేరుతుందని ప్రకటించింది. బెంగుళూరులో భారత్ బయోటెక్ కొత్త యూనిట్‌కి సుమారు 65 కోట్లు, హైదరాబాదులో ఇండియన్ ఇమ్యునలాజికల్స్‌కి 60 కోట్లు గ్రాంటు కూడా అప్పుడే చెప్పింది (ఇవి నిజంగా గ్రాంట్లే). జులై, ఆగస్టు నాటికి పార్లమెంటులో చెప్పిన అంకె నెలకి 2.5 కోట్లు, డిసెంబరుకి 5.8 కోట్లు కావచ్చు అని. ప్రకటన రాసినవాళ్ళు ఆ 120 రోజులు లెక్క కట్టినట్లు లేదు.

ఏడాది ముందు అమెరికా ఏం చేసిందో చూడండి. 2020 ఆగస్టులోనే మోడెర్నాతో 10 కోట్ల డోసులకి సుమారు 150 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. దానికి అనుమతి వచ్చింది డిసెంబరు 18న. మన ప్రభుత్వం మొదటి కొనుగోలు ఆర్డరు ఇచ్చింది 2021 జనవరిలో, అనుమతి ఇచ్చిన తర్వాత: 1.1 కోట్ల కొవిషీల్డ్, 55 లక్షల కొవాగ్జిన్. 140 కోట్ల జనాభాకి.

మనకి ఇది చేతకాదా అంటే, అదీ కాదు. 1996లో పెట్టిన టెక్నాలజీ డెవలప్‌మెంట్ బోర్డు హెపటైటిస్-బి టీకా కోసం వరప్రసాద్ రెడ్డి గారి శాంతా బయోటెక్నిక్స్‌కీ, భారత్ బయోటెక్‌కీ అప్పులిచ్చింది. అప్పటిదాకా వందల రూపాయలు పెట్టి దిగుమతి టీకా కొనుక్కునేవాళ్ళం. 1997లో శాంతా వాళ్ళ టీకా వచ్చాక ధర దిగింది. అది తీరిగ్గా చేసిన పని, ఎమర్జెన్సీ కాదు. కానీ అప్పిచ్చే అలవాటు అప్పుడే ఉంది.

ముందుగా డబ్బిచ్చే ప్రతిదీ తెలివైన పని అని కూడా అనుకోవద్దు. 2020 జులై 28న అమెరికా ప్రభుత్వం కోడక్ కంపెనీకి, అవును, కెమెరా ఫిల్ముల కోడక్‌కే, మందుల ముడిసరుకు తయారు చెయ్యడానికి 76.5 కోట్ల డాలర్ల అప్పు ఇస్తామంది. కొరియా యుద్ధకాలంలో, 1950లో చేసిన డిఫెన్స్ ప్రొడక్షన్ చట్టం కింద, డి.ఎఫ్.సి. అనే ఒక ప్రభుత్వ సంస్థ ద్వారా. ఆ డి.ఎఫ్.సి. అసలు పని పేద దేశాల్లో ప్రాజెక్టులకి అప్పులివ్వడం. తయారు చేసేవాటిలో హైడ్రాక్సీ క్లోరోక్విన్ ముడిసరుకు కూడా ఉండొచ్చని పత్రికల్లో వచ్చింది. ఆ మందు ఆసుపత్రిలో చేరిన కోవిడ్ రోగులకి పనిచేయదని బ్రిటన్‌లో రికవరీ ట్రయల్ జూన్ 5నే చెప్పింది. జూన్ 15న అమెరికా ఔషధ సంస్థే అత్యవసర అనుమతి రద్దు చేసింది. బస్తర్ వాళ్ళకి క్లోరోక్విన్ కొత్త కాదు. మలేరియాకి దశాబ్దాలుగా మింగినదే. ఫాల్సిపరం మలేరియా దానికి లొంగడం మానేశాక ఇక్కడా ఆర్టెమిసినిన్ కలిసిన మందులు ఇస్తున్నారు. మందుకి ఉన్న పేరు చూడరు, ట్రయల్ ఫలితం చూస్తారు. కోడక్ షేరు రెండు డాలర్ల చిల్లర నుంచి రెండు రోజుల్లో 33 డాలర్లకి పోయింది. ఆరోపణలు వచ్చాయి, ఆగస్టు 7న అప్పు ఆపేశారు. ఆ డబ్బు కోడక్‌కి అందలేదు.

ఫలితం ఇంకా తెలియని దాని మీద డబ్బు పెట్టడం వేరు, ఫలితం లేదని తేలిన దాని మీద పెట్టడం వేరు. మొదటిది ఇన్సూరెన్సు ప్రీమియం. ఇల్లు తగలబడలేదు కాబట్టి ప్రీమియం దండగ అని ఎవరూ అనరు. రెండోది తాయెత్తు.

ఇప్పుడు బయలాజికల్ ఇ కి వద్దాం. 2021 జూన్ 3న కేంద్రం ఈ హైదరాబాదు కంపెనీ నుంచి 30 కోట్ల డోసులు తీసుకుంటామని, 1,500 కోట్లు అడ్వాన్సు ఇస్తామని ప్రకటించింది. అప్పటికి టీకా మూడో దశ ట్రయల్‌లో ఉంది. డోసుకి 50 రూపాయలు పడింది. తర్వాత ప్రభుత్వం కొన్న ధర పన్నులు కాక 145 రూపాయలు కాబట్టి అడ్వాన్సు సుమారు మూడో వంతు, ఆ 172వ నియమానికి ఇంచుమించు దగ్గరే. డబ్బు జూన్‌లో ప్రకటించారు, టీకా మాత్రం ఎవరికీ వెయ్యలేదు. కార్బెవాక్స్ పేరుతో దానికి అనుమతి వచ్చింది డిసెంబరు 28న. ఫిబ్రవరిలో సింగ్ దేవ్ అడిగిన వరస ఇదే. డబ్బు ముందు, ట్రయల్ తర్వాత, సూది ఆఖర్న. రెండో వేవ్‌కి అందలేదు కదా అనే మాట నిజమే. దానికి కారణం అడ్వాన్సు ఇవ్వడం కాదు, ఏడాది ఆలస్యంగా ఇవ్వడం.

కోడక్ దగ్గర ఆగిపోయిన ఆ డి.ఎఫ్.సి. 2021 అక్టోబరులో హైదరాబాదు వచ్చి ఇదే బయలాజికల్ ఇ తో 5 కోట్ల డాలర్ల ఫైనాన్సు ఒప్పందం చేసుకుంది, ఉత్పత్తి సామర్థ్యం పెంచుకోవడానికి. 2022 మార్చి 16 నుంచి దేశమంతటా 12 నుంచి 14 ఏళ్ళ పిల్లలకి వేసినది కార్బెవాక్సే. ఈసారి బస్తర్‌లో గానీ ఇంకెక్కడ గానీ ఆ పిల్లల తల్లిదండ్రుల చేత ట్రయల్ పత్రం మీద సంతకం పెట్టించాల్సిన అవసరం రాలేదు.