మృణ్మయ శిల్పమునకు జీర్ణోద్ధరణము

శిథిలమైన దానిని తొలగించి క్రొత్తదానిని నిలుపుటయే జీర్ణోద్ధరణమని లోకమున నొక భావము కలదు. అది యెంతవరకు సమంజసమో న్యూయార్కు నగరమందలి ఊల్‌వర్తు భవన చరిత్ర నాధారముగా గొని మేమిచట పరిశీలింప దలచితిమి.

కాస్ గిల్బర్టు రూపకల్పన చేసిన ఈ సౌధము 1913లో పూర్తియైనది. 792 అడుగుల ఎత్తుగల ఇది 1930 వరకు ప్రపంచ భవనములలో అత్యున్నతమైనది. దీని ఉక్కు చట్రమునకు పైతొడుగు టెర్రకోట. ఇటలీ భాషలో ఈ మాటకు కాల్చిన మట్టి యని యర్థము. మట్టిని అచ్చులలో అదిమి, మెరుగు పూసి, కాల్చి ఈ దిమ్మెలను చేయుదురు. ఇవి రాతికంటె తేలికైనవి, నిప్పున కోర్చునవి. ఒక్క అచ్చునుండి అనేక ప్రతిమలు దిగును.

ఇట్టి తొడుగు చెడుటకు ముఖ్యకారణము నీరు. మెరుగు నీటిని రానీయదు. కాని అతుకుల సందులనుండి చొచ్చిన నీటిని పోనీయదు. దిమ్మెలను పట్టియుంచు ఇనుప కొక్కెములు తుప్పుపట్టును. తుప్పు ఇనుముకంటె ఎక్కువచోటు నాక్రమించుటచే దిమ్మె పగులును. కావున పగులు కనబడునది మట్టియందు. రోగము అతుకునందును, ఇనుమునందును.

1977–81 మధ్య జరిగిన మరమ్మతులలో సుమారు 26,000 దిమ్మెలను తీసి కాంక్రీటు దిమ్మెలను పెట్టిరి. పైభాగమందలి చిన్న గోపురములకు అల్యూమినియము తొడిగిరి. పెక్కు అలంకారములు తొలగిపోయినవి. పగిలిన దిమ్మెలు వీధిలో నడచువారిపై బడు ప్రమాదమును, అమెరికాలో టెర్రకోట కర్మాగారములు అప్పటికి అరుదైపోవుటయు మరువరాదు. అయినను కాంక్రీటుపై పూత, కాల్చిన మెరుగువలె మట్టితో నేకమైనది కాదు.

మట్టికి మట్టినే పెట్టుటయు సులభము కాదు. ఆరునపుడును, కాలునపుడును మట్టి కుంచించుకొనును. పాతదిమ్మె కొలతకే అచ్చు తీసినచో క్రొత్తది చిన్నదగును. అచ్చును లెక్కప్రకారము పెంచవలెను.

తాళపత్ర గ్రంథమున లుప్తమైన పాదమును పరిష్కర్త తానే పూరించి గుర్తు పెట్టనిచో, అది కవి పాదముగనే చెలామణి యగును. భవనముల విషయమునను అట్లే. ముందు అతుకును, ఇనుమును బాగుచేయవలెను. నిలువగల దిమ్మెను నిలుపవలెను. మార్చిన ప్రతిదానిని లిఖింపవలెను. ప్రాణరక్షణకై మార్పు తప్పనిచోట మార్చుట దోషము కాదు. మార్పును మరుగుపరచుటయే దోషమని మా యభిప్రాయము.