గ్లాస్గో సందులు: ఒక ఛాయాచిత్ర గ్రంథం

నగరాలను గూర్చిన చిత్రగ్రంథాలు సాధారణంగా కోటలను, ఆలయాలను, రాజవీథులను చూపుతవి. స్కాట్లండులోని గ్లాస్గో నగరంలో 1868 మొదలు 1871 వరకు థామస్ ఆనన్ తీసిన చిత్రాలలో ఇవేవీ ప్రధానం కావు. ఇరుకు సందులు, ఆరవేసిన బట్టలు, సందు నడుమ మురుగు, గోడకు చేరబడిన కొందరు మనుష్యులు: ఇవే వాటి వస్తువులు. నగరంలో ఎవరూ తలయెత్తి చూడని చోట్లను గ్రంథస్థం చేసిన ఛాయాచిత్రకారులలో ఇతణ్ణి తొలివరుసలో చేర్చవలసి ఉంటుంది.

ఆనన్ 1829లో ఫైఫ్ మండలంలో జన్మించి, శిలాముద్రణకు సంబంధించిన చెక్కడపు పని నేర్చి, 1855లో ఛాయాచిత్రవృత్తి నవలంబించాడు. గ్లాస్గో ధనికుల ప్రాచీన గృహాలను నూరు చిత్రాలలో చూపిన గ్రంథం 1870లో వెలువడినది. ఆ చిత్రాలూ ఇతనివే. సౌధాలను, సందులను ఒకే కాలంలో ఒకే చేయి చిత్రించినదన్నమాట.

అక్కడివారు ‘క్లోజ్’ అనే దానికి మన ‘సందు’ పూర్తిగా సరిపోదు. మన సందు ఇళ్ళ నడుమ సాగుతుంది. అది వీథివైపు మేడ క్రిందుగా దూరి, వెనుకనున్న మరికొన్ని మేడల మధ్యకు పోతుంది. పూర్వం పెరళ్ళుగా ఉన్న స్థలాలలో కూడ మేడలు లేచినవి. పరిశ్రమలలో పనికై ఐర్లండు నుండి, స్కాట్లండు ఉత్తరపు కొండసీమల నుండి వచ్చినవారు వాటిలో క్రిక్కిరిసినారు. 1862 నాటి శాసనం ప్రకారం 2,000 ఘనపుటడుగులకు మించని ఇళ్ళకు, అందులో ఎందరు నిద్రింపవచ్చునో తెలిపే రేకు బిళ్ళ తగిలించేవారు. పెద్దవారికి తలకు 300 ఘనపుటడుగులు. ఎనిమిదేండ్లలోపు పిల్లలకు అందులో సగం. రాత్రివేళ అధికారులు వచ్చి తలలు లెక్కించేవారు.

1866లో నగరాభివృద్ధి శాసనం వచ్చినది. నగరమధ్యంలో 88 ఎకరాలను కొని, పడగొట్టి, వీథులు వెడల్పు చేయుటకై ఒక ధర్మకర్తల మండలి ఏర్పడినది. ఆనన్‌ను నియోగించినదీ ఆ మండలియే. కావున ఈ చిత్రాలను చూసి ప్రభుత్వం కదిలినదని తలచుట పొరపాటు. ఆ సందుల మరణశాసనం ముందే వ్రాయబడినది. పోబోయే వాటికి ఆనవాలు మిగల్చడమే అతనికి అప్పగించిన పని. ఇంటి లోపలి బ్రతుకు ఈ చిత్రాలలో లేదు. శీర్షికలలో వీథి పేరు, సందు సంఖ్య ఉన్నవి. నిలబడినవారి పేర్లు లేవు. అయినా ఆ మనుష్యులు తొలగిపోలేదు, తొలగింపబడనూ లేదు. ఇందులో ఆనన్ వివేకం కొంత ఉన్నదని మా అభిప్రాయం.

ఆ నాటి పద్ధతి కష్టతరమైనది. గాజుపలకకు రసాయనం పూసి, తడి ఆరకముందే చిత్రం తీసి, వెంటనే చీకటిగుడారంలో కడగవలెను. సూర్యరశ్మి సోకని సందులో కటకాన్ని చాలసేపు తెరచి ఉంచవలసివచ్చేది. కదలకుండా నిలిచినవారి ముఖాలు స్ఫుటంగా వచ్చినవి. నిలువలేని పిల్లలు పొగవలె చెదిరినారు. గాలికూగిన బట్టలు తెల్లని మరకలైనవి. హై స్ట్రీట్ 118వ సంఖ్య సందు చిత్రంలో తడిసిన రాతిపరపు మీద పడిన వెలుతురును చూచినవారు దానిని సులభంగా మరువలేరు.

మొదట 31 చిత్రాలు సంపుటమైనవి. తరువాత, వెలిసిపోని కార్బన్ ముద్రణలో, 40 చిత్రాలతో నూరు ప్రతులు వెలువడినవి. ఈలోగా 1878లో సిటీ ఆఫ్ గ్లాస్గో బ్యాంకు కూలిపోగా పునర్నిర్మాణం కుంటువడినది. పడగొట్టుటకై కొన్న ఇళ్ళకు మండలియే యజమానియై అద్దెలు వసూలు చేయవలసివచ్చినది. ఇళ్ళు పోయినవారిలో పలువురు ప్రక్కనున్న ఇరుకు ఇళ్ళలోనే తలదాచుకొన్నారు. ఆనన్ 1887లో మరణించాడు. 1900లో అతని కుమారుడు జేమ్స్ క్రెయిగ్ ఆనన్ ఆ చిత్రాలను తామ్రఫలకాలపై చెక్కించి మరల అచ్చువేయించే నాటికి, వాటిలోని సందులు పెక్కు నేలమట్టమైనవి.