చదువురాని సహోదరుని కొరకు



మీ సంఘమున ఆదివారపు ఆరాధనకు ముప్పదిమంది కూడుదురనుకొనుడి. పాటల పుస్తకము చేతనున్నవారు ఏడెనిమిది మందియే. పాట ఎత్తువాడు సంఖ్య చెప్పి వెంటనే ఎత్తుకొనును. పుస్తకము గలవారు అతనితో సాగుదురు. తక్కినవారు పల్లవి వచ్చినప్పుడు గొంతు కలిపి, చరణము రాగానే ఊరకుందురు. ఈ చిక్కు మన పల్లెలలోనే పుట్టినది కాదు. మూడువందల యేండ్ల క్రిందటనే దూరదేశపు సంఘములు దీనితో పెనుగులాడినవి.

మేఫ్లవర్ అను ఓడలో 1620లో అమెరికా తీరము చేరిన భక్తులు ప్లిమత్ అనుచోట కాపురముండిరి. పద్యరూపమునకు మార్చిన దావీదు కీర్తనలను వారు పుస్తకము చూచి, నడుమ ఆగక, ఏకకంఠముగా పాడెడివారు. తమలో పలువురు సంగీతమునందు నేర్పరులని వారి నాయకులలో ఒకడైన ఎడ్వర్డ్ విన్‌స్లో వ్రాసియున్నాడు. అట్టి సంఘములో 1681లో ఒక ప్రశ్న లేచెను. చదువురాని సహోదరుడొకడు ఈ గానములో పాలుపొందలేకున్నాడు. అతని నిమిత్తము పద్ధతి మార్చుకొందమా? వారు ఆలోచించి సమ్మతించిరి. పాస్టరు మొదట కీర్తన భావమును క్లుప్తముగా వివరింపవలెను. పిమ్మట సంఘపెద్ద ఒక్కొక్క పంక్తి చదువవలెను. చదివిన పంక్తిని అందరును పాడవలెను.

ఒక్క సహోదరుని కొరకు! పాట ముక్కలగునని, సొగసు తగ్గునని ఆ నేర్పరులకు తెలియకపోలేదు. అయినను ఒప్పుకొనిరి.

ఈ పద్ధతి వారు క్రొత్తగా కనిపెట్టినది కాదు. లండనులో వెస్ట్‌మిన్‌స్టరు సభవారు 1644లో కూర్చిన ఆరాధనక్రమములో ఇదే సలహా కలదు. అయితే వారు దానిని ప్రస్తుతమునకు మాత్రమే చెప్పిరి. చదువగలవారెల్ల పుస్తకము కలిగియుండవలెననియు, తక్కినవారు చదువ నేర్చుకొనవలెననియు కూడ అందులోనే వ్రాసిరి. తాత్కాలికమన్నది తరతరములు నిలిచెను. లోకములో అనేక కార్యముల గతి ఇంతే.

నిలిచినకొలది లోపములు బయటపడెను. వాక్యము రెండు పంక్తులలో ముగియవలసినచోట మొదటి పంక్తి యొద్దనే ఆగుటచేత ఒక్కొకప్పుడు అర్థము తలక్రిందులయ్యెడిది. రాగము సాగి సాగి, ఎవరి ఇష్టము వారిదయ్యెను. ఒక్క స్వరము ముగియులోగా తాను రెండుమారులు ఊపిరి తీసికొనవలసి వచ్చినదని థామస్ వాల్టర్ అను బోధకుడు 1721లో అచ్చైన తన సంగీత గ్రంథములో చెప్పుకొనెను. అతడును థామస్ సిమ్స్ మొదలగువారును స్వరము చూచి పాడుట నేర్పవలెనని పట్టుపట్టగా, వృద్ధులు తమ పాత పాటను విడువమనిరి. సంఘములలో కలహములు రేగెను. వాల్టరు పక్షమున న్యాయమున్నది గాని, వృద్ధుల బాధయు చిన్నది కాదు. పుస్తకము లేకుండ పాడగలిగిన ఒక్క దారిని వారినుండి తీసివేయుచున్నట్లు వారికి తోచెను.

అదే పద్ధతి వేరొకచోట ధననిధియైనది. స్కాట్లండునకు పడమట లూయిస్ ద్వీపమున గేలిక్ భాషలో నేటికిని ఒకడు పంక్తి నెత్తగా సంఘమంతయు అలవలె లేచి అందుకొనును. అమెరికాలో బానిసలుగానున్న నల్లజాతి విశ్వాసులకు చదువు నేర్పుట నేరమని కొన్ని రాష్ట్రములు చట్టములు చేసినవి. వారు ఐజక్ వాట్స్ (1674–1748) పాటలను ఈ రీతిగనే నోటినుండి నోటికి అందుకొని తమ సొత్తు చేసికొనిరి. పుస్తకము దక్కనివారికి పాట దక్కెను.

ఇక మన సంగతి. పురుషోత్తమ చౌధరిగారు (1803–1890) బ్రాహ్మణ కుటుంబమున జన్మించి, 1833లో బాప్తిస్మము పొంది, నూటికి పైగా కీర్తనలు రచించిరి. ఆయన ఇంగ్లీషు పాటల అచ్చులో కాక మన దేశపు రాగతాళములలో, పల్లవి చరణములతో రచించిరి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకములో పాటకు పైన రాగమును తాళమును చూపియుండుట మీరెరుగుదురు. ప్రతి చరణమునకు తరువాత పల్లవి తిరిగివచ్చును. చదువురాని అవ్వ దానిని పట్టుకొని పాటలో ప్రవేశించును. ఒకరు చెప్పగా పదిమంది వంతపాడుట మన భజనలలోను, బుఱ్ఱకథలలోను ఎప్పటినుండియో ఉన్నదే. కావున ప్లిమత్ సంఘము శ్రమపడి సంపాదించుకొన్నది మనకు పుట్టుకతోనే వచ్చినది. చిక్కెల్ల చరణముల యొద్దనే.

పాట ఎత్తువారలారా, చరణమును అందించునప్పుడు పంక్తి ముగిసినదని ఆగక, భావము ముగిసినచోట ఆగుడి. ఎత్తుకొనకమునుపు పాట దేనిగురించినదో రెండు మాటలలో చెప్పుడి. అంతకంటె ఎక్కువైనచో అది రెండవ ప్రసంగమగును. శ్రుతి మీ గొంతునుబట్టి కాక, వెనుక చాపమీద కూర్చున్న పెద్దమ్మల గొంతునుబట్టి ఎత్తుడి. డోలకు మాటలను మ్రింగుచున్నయెడల వాయించువానికి ఆరాధన తరువాత మెల్లగా చెప్పుడి, అందరియెదుట కాదు. క్రొత్త పాటయైనచో మొదటి వారము పల్లవియు ఒక చరణమును చాలును. ప్రతి వారము ఒక్కొక్క చరణము చేర్చుడి. నాలుగు చరణముల పాటకు నెలదినములు పట్టును. నెల ముగిసిన తరువాత ఒక ఆదివారము పుస్తకములన్నియు మూసి, ఆ పాటను ఎత్తి చూడుడి.