తలుపు లేని అర

మన చేతిఫోనులో కంటికగపడని అర యొకటి కలదు. మనము నకలు చేసిన మాట వేరొకచోట అతికించుటకై అందుండును. దానికి క్లిప్‌బోర్డని పేరు.

1970 దశకము నడుమ కాలిఫోర్నియాలోని జిరాక్సు పరిశోధనాలయమున లారీ టెస్లర్, టిమ్ మాట్ అనువారు కత్తెర, జిగురుల పనిని కంప్యూటరు తెరపైకి తెచ్చిరి. 1983లో ఆపిల్‌వారి లీసా యంత్రమున ఆ అర క్లిప్‌బోర్డను పేరుతో వెలసెను. 2009లో ఐఫోనునకు నకలుచేసి అతికించు సదుపాయము లభించెను.

మొదట ఏ ప్రోగ్రామైనను అడుగకయే అందులోనికి తొంగిచూడగలిగెడిది. బల్లపై ఒంటరిగానున్న యంత్రమునకు దీనివలన పెద్ద హాని లేదు. కాని ఇంటర్నెట్టుతో ముడిపడిన ఫోనులో మనముంచిన రహస్యపదమును, బ్యాంకు ఖాతాసంఖ్యను దూరమునుండి చదువు పనిముట్లును పుట్టినవి. బిడ్డను చూచుకొమ్మని అప్పగించిన ఇంటికి తలుపే లేదని మనమప్పుడు గ్రహించితిమి.

2019లో ఆండ్రాయిడ్ 10, తెర వెనుకనుండు అప్లికేషన్లకు ఆ చూపును చాలవఱకు నిషేధించెను. 2020లో ఐఓఎస్ 14, అతికించిన అప్లికేషను పేరును యజమానికి తెలుపసాగెను. అంతవఱకు ఎన్నెన్ని తొంగిచూచుచుండెనో అప్పుడు బయల్పడెను.

అర పుట్టిన నాలుగు దశాబ్దములకుగాని కావలివాడు రాలేదు. కావున రహస్యపదమును వాడిన వెంటనే, ఏదేని వట్టిమాటను నకలుచేసి దానిని చెఱపివేయుట మన వంతు.